ఇంటి లెక్కలో తేలని పేదరికం: గోదావరి డెల్టాలో ఆడవారి చేతికి అందని సంపద

పేదరికం గురించిన చర్చల్లో గోదావరి డెల్టా పేరు సాధారణంగా వినిపించదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఇది నీళ్ళున్న నేలగా, నలుగురికీ అన్నం పెట్టే నేలగా పేరు పొందింది. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు, సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ పండే వరి పొలాలు, కోనసీమ కొబ్బరి తోటలు, కడియం నర్సరీలు, భీమవరం చుట్టూ కనుచూపు మేర పరుచుకున్న చేపల చెరువులు, రొయ్యల చెరువులు చూసినవారికి ఇక్కడ లేమి అనే మాట అతకదనిపిస్తుంది. లెక్కలు కూడా మొదట ఆ అభిప్రాయాన్నే బలపరుస్తాయి. నీతి ఆయోగ్ 2023లో ప్రకటించిన బహుముఖ పేదరిక సూచీ ప్రకారం 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్ జనాభాలో పేదలు 6.06 శాతం, దేశం మొత్తం మీద 14.96 శాతం. రాష్ట్రంలో వెనుకబడిన ప్రాంతాల గురించి మాట్లాడేటప్పుడు డెల్టా జిల్లాలను ఎవరూ ఆ జాబితాలో చేర్చరు.

అయితే ఆ సూచీకి ఆధారమైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలోనే మరికొన్ని అంకెలున్నాయి. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ వయసున్న స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. 20 నుంచి 24 ఏళ్ళ వయసు స్త్రీలలో 29 శాతానికి పైగా 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళయినవారు. ఇందులో దేశ సగటు 23 శాతమే. 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లలలో అప్పటికే తల్లులైనవారు, గర్భవతులు కలిపి 12.6 శాతం; ఇది దేశ సగటుకు దాదాపు రెట్టింపు. ఇవి రాష్ట్రం మొత్తానికి చెందిన అంకెలే తప్ప డెల్టా ఒక్కదానివి కావు, కానీ డెల్టా వీటికి అతీతమైన ద్వీపమేమీ కాదు. ఒకే సర్వే, అవే ఇళ్ళు, అదే కాలం. పేదరికంలో దేశం కంటే ఎంతో మెరుగ్గా ఉన్న రాష్ట్రం, ఆడవారి శరీరాల విషయంలోనూ వారి పెళ్ళి వయసు విషయంలోనూ దేశం కంటే వెనుకబడి ఎందుకున్నట్టు?

సమాధానంలో కొంత భాగం కొలిచే పద్ధతిలోనే ఉంది. పేదరికాన్ని మనం ఇంటి లెక్కన కొలుస్తాం, మనిషి లెక్కన కాదు. బహుముఖ పేదరిక సూచీలో చదువు అనే అంశాన్నే తీసుకుంటే, పదేళ్ళు దాటిన కుటుంబ సభ్యుల్లో ఏ ఒక్కరైనా ఆరేళ్ళ చదువు పూర్తి చేసి ఉంటే ఆ ఇంటికి చదువు విషయంలో లేమి లేనట్టే. తండ్రీ కొడుకూ చదువుకుని తల్లి వేలిముద్ర వేసే ఇల్లు కూడా ఆ లెక్కలో గట్టెక్కుతుంది. బ్యాంకు ఖాతా విషయంలోనూ అంతే. ఇంట్లో ఒక్కరికి ఉంటే చాలు. పోషణను ఎత్తు, బరువులతో చూస్తారు గనుక రక్తహీనత ఆ లెక్కలోకి రాదు. ఈ సూచీ తప్పని నేను అనడం లేదు, అది చెప్పదలచుకున్నది అది సరిగానే చెబుతుంది. ఇల్లు పైకి వచ్చిందా లేదా అన్నది తెలుస్తుంది. ఆ ఇంట్లో ఎవరి పళ్ళెంలోకి ఏమి వచ్చింది, ఎవరి పేరున ఏమి ఉంది, రేపు ఆ ఇల్లు విడిపోతే ఎవరు ఏమీ లేకుండా రోడ్డున పడతారు అన్నది తెలియదు.

మిగతా భాగం డెల్టా సంపద పెరిగిన తీరులో ఉంది, ఈ వ్యాసానికి అసలు విషయం అదే. కాలువల వ్యవసాయం, లేసు ఎగుమతి, చెరువులు, గల్ఫ్ వలస అనేవి ఈ ప్రాంతానికి వేర్వేరు కాలాల్లో డబ్బు తెచ్చిన దారులు. ప్రతి దారిలోనూ ఆడవారి కష్టం ఉంది. ప్రతి దారిలోనూ ఆ కష్టం ఫలితం వేరొకరి పేరు మీదకు చేరే ఏర్పాటు కూడా ఉంది. వరుసగా చూస్తే తప్ప ఈ ముడి విడిపడదు.

పొలంలో పోయిన పని

వరి సాగులో ఆడవారి పని, మగవారి పని ఎప్పటి నుంచో విడివిడిగా ఉన్నాయి. దమ్ము చేయడం, గట్లు వేయడం, మందు కొట్టడం, బస్తాలు మోయడం మగవారివి. నారు తీయడం, ఊడుపులు, కలుపు తీత, కోత ప్రధానంగా ఆడవారివి. మగవారి పనికి రోజు కూలి ఎక్కువ, ఆడవారి పనికి తక్కువ. ఒకే పనికి స్త్రీపురుషులకు ఒకే వేతనం ఇవ్వాలని 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది కానీ, పనులే వేరైన చోట ఆ చట్టం అక్కరకు రాలేదు. బురదలో నడుము వంచి పొద్దస్తమానం నాట్లు వేయడం తేలిక పని ఎలా అయింది, గట్టు వేయడం బరువు పని ఎలా అయింది అన్న ప్రశ్న కూలి రేటు ఖరారు చేసే చోట ఎవరూ అడగరు. డెల్టాలో చాలా ఊళ్ళలో ఊడుపులు ఎకరానికి ఇంత అని గుత్తకు జరుగుతాయి. ముఠాగా వెళ్ళే ఆడవారు తెల్లవారుజామునే దిగి, వేగంగా నాటి, రోజు కూలి కంటే నాలుగు డబ్బులు ఎక్కువ సంపాదించుకోగలుగుతారు. అందుకే ఊడుపుల నెల వారి సంవత్సరంలో ముఖ్యమైన నెల. ఆ డబ్బుతోనే పిల్లల పుస్తకాలు, పాత అప్పు వడ్డీ, వానాకాలం ఇంటి ఖర్చు గడుస్తాయి.

యంత్రాలు వచ్చినప్పుడు ముందుగా ఆడవారి పనులే తగ్గాయి. వరికోత మిషన్ వచ్చాక కోత, కట్టివేత, నూర్పు అన్నీ ఒకే పూటలో ముగుస్తున్నాయి. ఆ మిషన్ నడిపేది మగవారు. కలుపు మందులు వచ్చాక కలుపు తీత తగ్గింది. ఆ మందు కొట్టేదీ మగవారే. కొన్నిచోట్ల నాటే యంత్రాలు, మరికొన్నిచోట్ల విత్తనం నేరుగా వెదజల్లే పద్ధతి ఊడుపులను కూడా తగ్గిస్తున్నాయి. రైతు వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. కూలీలు దొరకరు, ఖర్చు పెరిగింది, గిట్టుబాటు లేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించే దాకా పోయారంటే వారి ఇబ్బంది చిన్నదని ఎవరూ అనలేరు. కానీ పంట విరామం గురించి అప్పుడు రాసిన వార్తల్లో, ఆ ఏడాది పని లేని కూలీ ఆడవారు ఏమి తిన్నారన్న మాట అరుదు.

చెరువులు ఈ మార్పును మరో మెట్టు ఎక్కించాయి. చేపల సాగు ముందే ఉంది. 2009 తర్వాత వనామి రకం రొయ్య వచ్చాక పశ్చిమ డెల్టాలో, కోనసీమ తీరంలో వరి పొలాలు వేగంగా చెరువులయ్యాయి. ఎకరం వరి ఊడ్చడానికి పది మంది దాకా ఆడవారు కావాలి, ఆ తర్వాత కలుపుకూ కోతకూ మళ్ళీ కావాలి. అదే నేల చెరువైతే కావలసింది కాపలాకు, మేతకు, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకోవడానికి ఒకరో ఇద్దరో మగవారు. భూమి ఉన్నవారికి కౌలు రాబడి పెరిగింది, భూమి లేని ఇంటి మగవారికి కొంత పని దొరికింది, భూమి లేని ఇంటి ఆడవారికి ఊళ్ళో ఉన్న పని పోయింది. ఊరి మొత్తం ఆదాయం పెరుగుతూనే అదే ఊళ్ళో కొందరి ఆదాయం పడిపోవడం ఇలాగే జరుగుతుంది.

వారికి బదులుగా దొరికింది రొయ్యల ప్లాంట్లలో పని. వ్యాన్లు ఊరూరూ తిరిగి ఆడవారిని ఎక్కించుకుని వెళతాయి. తల తీయడం, పొట్టు ఒలవడం చాలా చోట్ల కిలో లెక్కన. మంచు నీళ్ళలో గంటల తరబడి చేతులు పెట్టి చేసే పని ఇది. వేళ్ళు ఒరుసుకుపోతాయి, నిలబడీ నిలబడీ కాళ్ళు వాస్తాయి. పొలం పనితో పోలిస్తే నెలకు ఎక్కువ రోజులు దొరుకుతుంది గనుక చాలామంది దాన్నే కోరుకుంటున్నారు, వారి నిర్ణయం సరైనదే. కానీ సరుకు రాని రోజున కిలో లెక్కన చేసేవారికి కూలి లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర గురించి, రైతు నష్టం గురించి, ఎగుమతిదారుల ఆందోళన గురించి చాలా చర్చ జరిగింది, జరగవలసిందే. ఆ చర్చలో పొట్టు ఒలిచే ఆడవారి పనిరోజుల మాటకు చోటు దక్కలేదు.

చెరువులు తెచ్చిన మరో బరువు నీటిది. ఉప్పునీటి సాగు దగ్గర ఊరి బావులు, చెరువులు తాగడానికి పనికిరాకుండా పోతే ఆ నీటిని వెతుక్కుని తెచ్చేది ఆడవారే, డబ్బా నీళ్ళకు ఇంటి ఖర్చులోంచి డబ్బు తీసేదీ వారే. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కుకు వ్యతిరేకంగా ఊళ్ళు కదిలినప్పుడు ఆడవారు ముందు వరుసలో నిలబడడానికి కారణం ఇదే.

చేతిలో సూది, ఎవరిదో ఎగుమతి

పొలానికి వెళ్ళని ఇళ్ళలో పరిస్థితి మెరుగని అనుకుంటాం. దానికి నరసాపురం లేసు గట్టి సమాధానం. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీ దంపతులు ఇక్కడి పేద స్త్రీలకు క్రోషియా అల్లిక నేర్పారు. మొదట క్రైస్తవం తీసుకున్న దళిత కుటుంబాల ఆడవారి జీవనోపాధిగా మొదలైన ఆ పని తర్వాతి కాలంలో బయటికి వెళ్ళి కూలి చేయడం పరువు తక్కువగా భావించే కులాల ఇళ్ళలోకి పాకింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో అరుగుల మీద కూర్చుని అల్లిన లేసు యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ఇళ్ళ బల్లల మీదకు చేరింది.

పని జరిగే తీరును దగ్గరగా చూడాలి. వ్యాపారి దారం ఇస్తాడు, మధ్యవర్తి దాన్ని ఇళ్ళకు చేరుస్తాడు. ఒకరు చేతిపని చేస్తారు, అంటే చిన్న చిన్న పువ్వులు అల్లుతారు. మరొకరు అతుకుపని చేస్తారు, అంటే ఆ పువ్వులన్నిటినీ కలిపి ఒక గుడ్డగా తయారు చేస్తారు. పువ్వు అల్లిన మనిషికి పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో, ఎక్కడికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో తెలియదు. కూలి ముక్కల లెక్కన ఉంటుంది. 1970ల చివరలో ఇక్కడ పరిశోధన చేసిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనంలో గమనించిన విషయం ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఈ స్త్రీల రాబడి పొలం కూలీ ఆడవారి రాబడి కంటే తక్కువ. ఎండలో పనిచేయనందుకు, గడప దాటనందుకు, కులం పరువు నిలిపినందుకు ఈ ఆడవారు చెల్లించిన మూల్యం ఆ తేడా. వీరిని కార్మికులుగా ఎవరూ గుర్తించలేదు. ఇంట్లో ఉండే ఆడవారు తీరిక వేళల్లో చేసుకునే పనిగానే చూశారు. దానితో కనీస వేతనం లేదు, సంఘం లేదు, జబ్బు చేస్తే సెలవు లేదు, చూపు మందగిస్తే పరిహారం లేదు. ఇదే పని మీద ఆధారపడి తరతరాలుగా ఎగుమతి వ్యాపారం నడిచింది.

యంత్రపు లేసు, చైనా పోటీ వచ్చాక గిరాకీ తగ్గింది, అల్లేవారూ తగ్గారు. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించడం సంతోషించదగిన విషయమే. అయితే ఆ గుర్తింపు కాపాడేది నరసాపురం అన్న పేరును. పువ్వుకు ఎంత కూలి ఇవ్వాలన్నది అందులో లేదు.

తీరిక వేళ అన్న ఊహ ఎంత తప్పో కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే చెబుతుంది. కూలి లేని ఇంటి పనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. పురుషులు 88 నిమిషాలు. ఇవి దేశం మొత్తానికి చెందిన అంకెలు. దాదాపు ఐదు గంటల ఆ పని అయ్యాక మిగిలిన సమయంలో లేసు అల్లినా, నర్సరీలో సంచుల్లోకి మట్టి ఎత్తినా, కొబ్బరి పీచు తాడు పేనినా అది తీరిక కాదు, రెండో పని.

భూమి ఎవరి పేరున ఉంది

భూమి విషయంలో తెలుగు నేల చట్టం దేశం కంటే ముందు నడిచింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. దేశం మొత్తానికి ఈ హక్కు రావడానికి 2005 దాకా, అంటే ఇరవై ఏళ్ళు పట్టింది. 1985 నుంచి అమలైన రాష్ట్ర సవరణ అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు వర్తించకపోవడం ఒక లోపం. అంతకంటే పెద్ద లోపం ఆచరణలో ఉంది.

డెల్టాలో ఎకరం ధర పెరుగుతున్న కొద్దీ కూతురికి భూమిలో వాటా ఇవ్వడం కంటే కట్నం ఇచ్చి సరిపెట్టడం పుట్టింటివారికి లాభసాటి అయింది. భూమి ఉన్న ఇళ్ళలో పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో రాసి ఇచ్చే ఆచారం పాతది. దానికి న్యాయస్థానాల గుర్తింపు కూడా ఉంది. అది ఆమె పేరున రిజిస్టరై, ఆమె చేతిలో పాస్‌బుక్ ఉన్నచోట ఆ స్త్రీ స్థానం అత్తింట్లో వేరుగా ఉంటుంది. కానీ కట్నంగా నగదు ఇస్తే అది అత్తింటి అప్పులో, ఆడపడుచు పెళ్ళిలో, భర్త వ్యాపారంలో కలిసిపోతుంది. పేరుకు ఆమెదే, చేతికి ఏమీ రాదు. కట్నం తీసుకోవడం 1961 నుంచి నేరం గనుక ఇచ్చినట్టు రుజువు కూడా ఉండదు. ఆ తర్వాత ఎప్పుడో తండ్రి పోయాక అన్నదమ్ములు కాగితం మీద సంతకం అడుగుతారు. కట్నం తీసుకున్నావు గదా అన్న మాట, పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయం, కష్టం వస్తే నిలబడేది అన్నదమ్ములే అన్న ఆశ ఈ మూడూ కలిసి ఆ సంతకం పెట్టిస్తాయి. ఇది అమాయకత్వం వల్ల జరిగేది కాదు. అత్తింట్లో ఏ ఆధారమూ లేని మనిషి పుట్టింటి ఆసరాను భూమితో కొనుక్కుంటోంది.

భూమి లేని ఇళ్ళలో కౌలు ఉంది, డెల్టా వ్యవసాయంలో పెద్ద భాగం కౌలు రైతుల చేతుల మీదుగానే నడుస్తుంది. 2011 నుంచి రుణ అర్హత కార్డులు, 2019 చట్టంతో 11 నెలల సాగు హక్కు పత్రాలు వచ్చాయి కానీ, యజమాని సంతకం లేనిదే 2019 పత్రం రాదు, సంతకం పెడితే భూమి పోతుందన్న అనుమానంతో యజమానులు వెనకాడతారు. కౌలు మాట నోటి మాటగానే ఉన్నచోట భార్యాభర్తలిద్దరూ చేసిన సాగు భర్త పేరున కూడా నమోదు కాదు, ఇక భార్య పేరు ఎక్కడ ఉంటుంది? ఈ లోటు ఎంత క్రూరమైనదో కౌలు రైతు ఆత్మహత్య చేసుకున్న ఇంట్లో బయటపడుతుంది. ఎక్స్‌గ్రేషియా రావాలంటే డివిజన్ స్థాయి కమిటీ విచారణలో ఆ మరణం వ్యవసాయ అప్పుల వల్లనే జరిగిందని తేలాలి. కౌలు పత్రం లేదు, బ్యాంకు అప్పు లేదు, ఉన్నదల్లా తెల్లకాగితం మీద వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పు. నిన్నటి దాకా ఏ లెక్కలోనూ లేని స్త్రీ ఆ అప్పు తీర్చవలసిన సమయానికి మాత్రం లెక్కలోకి వస్తుంది.

ఆడపిల్లకు చిన్న వయసులో పెళ్ళి చేయడాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి. దాన్ని తల్లిదండ్రుల మూఢత్వంగా చూపించే ధోరణి నాకు అన్యాయంగా తోస్తుంది. పదో తరగతి తర్వాత కాలేజీ దూరం, ప్రయాణంలో భయం, పిల్ల చదువుకున్న కొద్దీ అంతకు మించి చదివిన వరుడు కావాలి గనుక కట్నం పెరగడం, చదివినా ఊళ్ళో ఆమెకు తగిన ఉద్యోగం లేకపోవడం, ఇవన్నీ లెక్క వేసుకునే తండ్రి ముందు త్వరగా పెళ్ళి చేయడమే తక్కువ నష్టంగా కనిపిస్తుంది. ఆ లెక్క తప్పని రుజువు చేయాలంటే ఉపన్యాసం చాలదు. చదువుకున్న ఆడపిల్లకు దగ్గరలో జీతం దొరకాలి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవారికి ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం వచ్చింది. దాన్ని ఓట్ల పథకంగా మాత్రమే చూసేవారు, రోజూ బస్సు ఛార్జీ పెట్టలేక కాలేజీ మానుకున్న పిల్లలను గుర్తు చేసుకోవాలి.

కువైట్, మస్కట్ దారి

నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు ప్రాంతాల నుంచి, కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళ్ళిన ఆడవారు వేలల్లో ఉన్నారు. రాష్ట్రంలో ఇలా ఆడవారు ఎక్కువగా వెళ్ళే ప్రాంతాలు రెండు, ఒకటి కడప వైపు, రెండోది గోదావరి జిల్లాలు. సంపన్నమైన డెల్టా నుంచి, అందులోనూ ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాల ఇళ్ళ నుంచి భర్త కాక భార్య ఎందుకు వెళుతోంది అన్న ప్రశ్నకు సమాధానం వీసా ధరలో ఉంది. మగవారు గల్ఫ్‌లో పనికి వెళ్ళాలంటే ఏజెంటుకు లక్షల్లో ఇచ్చుకోవాలి. ఇంటి పనికి వెళ్ళే ఆడవారి ఖర్చు సాధారణంగా అక్కడి యజమాని భరిస్తాడు. అప్పు పుట్టని ఇంటికి గల్ఫ్ డబ్బు రావాలంటే ఉన్న దారి ఆమె వెళ్ళడమే.

కానీ ఆ ఉచితం వెనుక అసలు చిక్కు ఉంది. తాను డబ్బు పోసి తెప్పించుకున్న మనిషిగా యజమాని ఆమెను చూస్తాడు. కఫాలా పద్ధతిలో ఆమె వీసా అతనికి కట్టుబడి ఉంటుంది. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంటుంది. ఇల్లు మారాలంటే చాలా చోట్ల అతని అనుమతి కావాలి. కువైట్ 2015లో ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం చేసి, రోజుకు 12 గంటల పరిమితి, వారానికి ఒకరోజు సెలవు రాసింది, ఆ తర్వాతి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించింది. తలుపు మూసిన ఇంట్లో ఆ గంటలు లెక్కపెట్టేది ఎవరు?

మన ప్రభుత్వం కూడా రక్షణ కోసమే నిబంధనలు పెట్టింది. పదో తరగతి చదవని ఆడవారు ఇంటి పనికి గల్ఫ్ దేశాలకు వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి, ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థల ద్వారానే వెళ్ళాలి. రాష్ట్రంలో అందుకు ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. కానీ నిషేధం అవసరాన్ని ఆపలేదు, దారిని మాత్రం మార్చింది. వయసు తక్కువ ఉన్నవారు, కాగితాలు లేనివారు విజిట్ వీసా మీద వెళుతున్నారు. అలా వెళ్ళినవారి పేరు విదేశాలకు పనికి వెళ్ళేవారి వివరాలుండే ఈ-మైగ్రేట్ నమోదులో ఉండదు, ప్రవాసీ భారతీయ బీమా ఉండదు, అక్కడ కష్టం వచ్చి రాయబార కార్యాలయానికి చేరినా ఆమె ఎవరి ద్వారా వచ్చిందో చూపించే కాగితం ఉండదు. రక్షణ పేరుతో దారి మూసినప్పుడు దెబ్బ తినేది ఆ దారి తప్పనిసరైన మనుషులే. నా దృష్టిలో ఇక్కడ వయసు నిబంధన కంటే ఊళ్ళోనే అందుబాటులో ఉండే నమోదు కేంద్రం, ఏజెంటు మీద నిఘా ఎక్కువ మేలు చేస్తాయి.

ఆమె పంపే డబ్బు ఇక్కడ పక్కా ఇల్లవుతుంది, పిల్లల ఫీజులవుతుంది, కొన్ని ఇళ్ళలో తాగుడుకు పోతుంది. చాలాసార్లు ఆ డబ్బు వచ్చేది భర్త ఖాతాకు, కట్టిన ఇల్లు ఉండేది భర్త పేరునో అత్తగారి పేరునో ఉన్న స్థలంలో. ఏళ్ళ తరబడి కష్టపడి తిరిగి వచ్చిన మనిషికి తన పేరున ఒక్క రూపాయి లేకపోవడం, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగి తనకు కొత్తవారై పోవడం డెల్టా ఊళ్ళకు తెలిసిన విషయమే. ఆ పిల్లలను పెంచిన అమ్మమ్మ శ్రమ అసలు ఏ లెక్కలోనూ లేదు. వలస డబ్బు ఆ వృద్ధురాలి కూలి లేని పని మీద కూడా నిలబడి ఉంది.

డ్వాక్రా ఇచ్చినదీ ఇవ్వలేనిదీ

ఇంత చెప్పాక డ్వాక్రా సంఘాల మాట రాకుండా ఉండదు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారాను నిషేధింపజేసింది. పొదుపు ఉద్యమానికి అదే ఊపిరి పోసింది. ఇంట్లోంచి ఒంటరిగా బయటకు రాని స్త్రీ బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని మాట్లాడడం చిన్న మార్పు కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. కానీ అప్పు వేరు, ఆదాయం వేరు. సంఘంలో తీసుకున్న అప్పు భర్త కౌలుకో, బైకుకో, ఇంటి వైద్యానికో పోతుంది. వాయిదా కట్టవలసింది ఆమె. సంఘం అప్పు చాలక మైక్రోఫైనాన్స్ కంపెనీల దగ్గర తీసుకున్నవారు వారం వారం కట్టవలసి వచ్చేది. 2010లో వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయన్న ఆరోపణల మధ్య రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఇంట్లో నిర్ణయం ఒకరిదిగా, బాకీ మరొకరిదిగా ఉన్నంత కాలం ఆడవారి పేరున అప్పు పెరగడాన్ని సాధికారత అనడం తొందరపాటే.

శరీరం మోసే భారం

రక్తహీనత అంకె దగ్గరకు మళ్ళీ వద్దాం. అన్నం పుష్కలంగా ఉన్న నేలలో రక్తం తక్కువ ఎందుకవుతుంది? రేషన్ బియ్యంతో కడుపు నిండుతుంది. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర అనేవి డబ్బుతో కొనవలసినవి, కొన్నప్పుడు ముందు మగవారికి, పిల్లలకు వడ్డించి చివర్లో ఉన్నది తినే అలవాటు ఇంకా పోలేదు. దానికి చిన్న వయసు గర్భం, దగ్గర దగ్గర కాన్పులు తోడవుతాయి. కుటుంబ నియంత్రణ బాధ్యత కూడా దాదాపు పూర్తిగా ఆడవారిదే. రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారు. మగవారి ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. చాలామందికి అది పాతికేళ్ళ లోపే జరుగుతుంది, ఆ తర్వాత కొద్ది రోజులకే మళ్ళీ పొలంలోకో ప్లాంటులోకో వెళతారు. మగవారికి ఆ ఆపరేషన్ ఎంతో సులువైనదని వైద్యులు ఎన్నేళ్ళుగా చెబుతున్నా ఫలితం లేదు.

మార్పు ఎక్కడి నుంచి రావాలన్నదానికి పైన చెప్పినవాటిలోనే జవాబులున్నాయి. సాగు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరున ఇవ్వడానికి కావలసింది దరఖాస్తులో మరొక గడి. ఇంటి స్థలాల పట్టాలు ఆడవారి పేరున ఇవ్వగలిగిన ప్రభుత్వాలకు ఇది అసాధ్యం కాదు. లేసుకూ రొయ్య పొట్టు ఒలుపుకూ ముక్కకింత, కిలోకింత అన్న రేటు రాతపూర్వకంగా ఉండి కనీస వేతనంతో ముడిపడితే ఆ పని చేసేవారు మొదటిసారి కార్మికులవుతారు. గల్ఫ్‌కు వెళ్ళే స్త్రీకి బయలుదేరకముందే తన పేరున ఖాతా, కుటుంబానికి ఎంత పంపాలి, తనకు ఎంత ఉంచుకోవాలి అన్న ఏర్పాటు డ్వాక్రా సంఘం ద్వారానే చేయవచ్చు.

స్థానిక సంస్థల్లో సగం పదవులు ఆడవారికి కేటాయించిన రాష్ట్రం మనది. డెల్టాలో సగం ఊళ్ళకు సర్పంచ్ స్త్రీయే, ఆమె కుర్చీలో భర్త కూర్చునే ఊళ్ళు తగ్గుతున్నా ఇంకా ఉన్నాయి. ఆ కుర్చీకి ఉన్న పనుల్లో ఒకదానిని ప్రత్యేకంగా చెప్పాలి. వరి పొలాన్ని చెరువుగా మార్చాలంటే అనుమతి కావాలి. ఆ దరఖాస్తు మీద పక్క పొలాలకు ఊట దిగుతుందా, మురుగు ఎటు పోతుంది అని చూస్తారు. ఆ ఎకరాల్లో ఏటా నాట్లు వేసి, కలుపు తీసిన ఆడవారు ఎందరు, వారికి ఎన్ని పనిదినాలు పోతాయి, వారికి తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్నలు అందులో లేవు. గ్రామసభ ఆ ప్రశ్నలు అడిగి, జవాబులు తీర్మానంలో రాయించడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు.